ఫారిన్ కీ డేటాబేస్‌లో పెట్టాలా, కోడ్‌లో చెక్ ఉంటే చాలా?

స్కీమా_కొత్త:
డేటాబేస్ మై ఎస్‌క్యూఎల్ 8, అందులో డేటాని దాచే ఇంజిన్ ఇన్నోడీబీ. కస్టమర్స్, ఆర్డర్స్, ఆర్డర్ ఐటమ్స్ అని మూడు టేబుళ్లు. ఫారిన్ కీలు (ఒక టేబుల్‌లో రాసిన ఐడీ ఇంకో టేబుల్‌లో నిజంగా ఉండాలని డేటాబేస్‌కి చెప్పే నియమాలు) పెడితే ఇన్సర్ట్‌లు నెమ్మదిస్తాయి, స్కీమా (టేబుళ్ల నిర్మాణం) మార్చడం నరకం, చెక్ కోడ్‌లో ఉంది కదా అనేది టీమ్‌లో సగం మంది మాట. పెట్టాల్సిందేనని మిగతా సగం. మీరేమంటారు?

పాత_డీబీయే:
పెట్టాల్సిందే. కోడ్‌లో చెక్ అంటే ముందు సెలెక్ట్, తర్వాత ఇన్సర్ట్, అంతేగా? కస్టమర్ 42 ఉన్నాడని సెలెక్ట్ చెప్పింది. ఇన్సర్ట్ వెళ్లేలోపు ఇంకో కనెక్షన్ ఆ 42ని డిలీట్ చేసి కమిట్ కొట్టింది. మీ ఆర్డర్ కస్టమర్ లేని అనాథ అయింది. ఒక్క కనెక్షన్‌తో నడిచే యూనిట్ టెస్టుకి ఇది ఎప్పటికీ దొరకదు. పైగా డేటా మీ కోడ్ దారిన మాత్రమే రాదు. సీఎస్‌వీ ఇంపోర్టులుంటాయి, రాత్రిపూట నడిచే స్క్రిప్టులుంటాయి, వర్క్‌బెంచ్ టూల్‌లో చేత్తో కొట్టే డిలీట్‌లుంటాయి.

లాక్_వెయిట్:
సిద్ధాంతం బాగుంది సార్, లాకుల సంగతో? ఇన్నోడీబీలో చైల్డ్ రో (ఉదాహరణకి ఐటమ్) వేస్తే, అది చూపించే పేరెంట్ రో (దాని ఆర్డర్) మీద షేర్డ్ లాక్, అంటే ఒకేసారి పలువురు పట్టుకోగల తాళం, పడుతుంది. ఆర్డర్స్‌లో టోటల్ అనే కాలమ్ ఉందనుకోండి. రెండు ట్రాన్సాక్షన్లు ఒకే ఆర్డర్‌కి ఒక్కో ఐటమ్ వేశాయి, రెండింటి చేతిలోనూ షేర్డ్ లాక్. ఇప్పుడు రెండూ టోటల్‌ని అప్‌డేట్ చేయబోతే ఒక్కరే పట్టుకోగల ఎక్స్‌క్లూజివ్ లాక్ కావాలి. నువ్వు వదులు అంటే నువ్వు వదులు. ఎర్రర్ 1213, డెడ్‌లాక్. ఫారిన్ కీ తీసేస్తే ఈ డెడ్‌లాక్ ఉండదు.

పాత_డీబీయే:
ఉండదు, ఒప్పుకుంటాను. కానీ మందు ఒక్క లైను: ముందు ఆ ఆర్డర్ రోని సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో (ఎక్స్‌క్లూజివ్ లాక్ మొదట్లోనే తీసుకునే సెలెక్ట్) పట్టుకుని, తర్వాత ఐటమ్ వేయండి. రెండో ట్రాన్సాక్షన్ వరుసలో నిలబడుతుంది, అంతే. కోడ్‌లో చెక్ సరిగ్గా చేయాలన్నా లాక్ తీసుకోక తప్పదు మరి. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ వాళ్లకి ఈ బాధ 2013లో 9.3 వెర్షన్‌తోనే తీరింది. అక్కడ పేరెంట్ మీద పడేది ఫర్ కీ షేర్ లాక్, కీ కాని కాలమ్‌ని మారిస్తే అది అడ్డు రాదు.

బీట్రీ_22:
పోస్ట్‌గ్రెస్‌ని మరీ మోసేయకండి. ఫారిన్ కీ డిక్లేర్ చేసినంత మాత్రాన చైల్డ్ కాలమ్ మీద ఇండెక్స్ (రోలని త్వరగా వెతికే సూచిక) అది పెట్టదు, మనమే పెట్టుకోవాలి. ఇన్నోడీబీ తానే పెడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో పెట్టడం మర్చిపోతే పేరెంట్‌లో ఒక్కో డిలీట్‌కి చైల్డ్ టేబుల్ మొత్తం చదువుతుంది. ఫారిన్ కీ స్లో అని తిట్టేవాళ్లలో చాలామంది స్కీమా తెరిచి చూస్తే లోపించింది ఈ ఇండెక్సే.

స్కీమా_కొత్త:
సరే, ఇప్పటికే నడుస్తున్న టేబుళ్లకి పెట్టాలంటే?

బీట్రీ_22:
ముందు అనాథల్ని వెతకండి. ఆర్డర్స్‌ని కస్టమర్స్‌తో లెఫ్ట్ జాయిన్ చేసి, ఆర్డర్‌లో కస్టమర్ ఐడీ ఉండి కూడా అవతల నల్ (ఖాళీ) వచ్చిన రోలు తీయండి. ఒక్కటి మిగిలినా ఫారిన్ కీని చేర్చే ఆల్టర్ కమాండ్ ఎర్రర్ 1452తో ఆగిపోతుంది. తర్వాత టైపులు: ఒకవైపు ఇంట్ అన్‌సైన్డ్ (మైనస్ సంఖ్యలు పట్టనిది), ఇంకోవైపు ఉత్త ఇంట్ ఉంటే ఎర్రర్ 3780 వస్తుంది. స్ట్రింగ్ కాలమ్ అయితే కొలేషన్ (అక్షరాలను పోల్చే పద్ధతి) కూడా కలవాలి. ఇంకోటి, 8లో కాలమ్ పక్కనే రెఫరెన్సెస్ అని రాస్తే ఎర్రర్ కూడా ఇవ్వకుండా వదిలేస్తుంది! కన్‌స్ట్రెయింట్‌గా విడిగా రాసి, షో క్రియేట్ టేబుల్‌లో కనిపించిందో లేదో చూసుకోండి.

లాక్_వెయిట్:
అసలు ముల్లు దాటేశారు. ఫారిన్ కీ చెక్స్ అనే సెట్టింగ్ 1లో ఉంటే ఆ ఆల్టర్ టేబుల్ మొత్తాన్ని కాపీ చేస్తుంది, అయ్యేదాకా రాతలు బంద్. 0 చేస్తే ఇన్‌ప్లేస్‌లో, అంటే కాపీ లేకుండా, అయిపోతుంది గానీ ఉన్న డేటాని చూడదు. మళ్లీ 1 చేసినా వెనక్కెళ్లి చూడదు. నడుస్తున్న టేబుళ్ల స్కీమాని మార్చే జీహెచ్-ఓస్ట్ టూల్ అయితే ఫారిన్ కీలున్న టేబుల్‌ని ముట్టుకోదు. పార్టిషన్ చేసిన (ముక్కలుగా విడగొట్టిన) ఇన్నోడీబీ టేబుల్‌కి ఫారిన్ కీయే కుదరదు.

పాత_డీబీయే:
పార్టిషన్ చేసిన లాగ్ టేబుళ్లకి వద్దు, దాని మీద పేచీ లేదు. డబ్బుతో ముడిపడ్డ టేబుళ్ల సంగతి వేరు. అక్కడ రాత్రికి అనాథల్ని ఏరే జాబ్ పెట్టుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పోయిన పేరెంట్‌ని ఆ జాబ్ ఎక్కణ్నుంచి తెస్తుంది?

లాక్_వెయిట్:
తేదు. అందుకే మా పద్ధతిలో పేరెంట్‌ని డిలీటే చేయం, ఎప్పుడు తీసేశామో చెప్పే డిలీటెడ్ ఎట్ కాలమ్ నింపుతాం.

పాత_డీబీయే:
అలాగైతే ఫారిన్ కీ ఆ డిలీటెడ్ కస్టమర్‌కి కొత్త ఆర్డర్ పడకుండా ఆపదు, అది మీ కోడే చూసుకోవాలి. కానీ లేని ఐడీతో వచ్చే సీఎస్‌వీని ఆపేది మాత్రం ఫారిన్ కీయే.

బీట్రీ_22:
కొత్త గారూ, కాస్కేడ్ (పేరెంట్ పోతే చైల్డ్ రోలనీ తీసేసేది) ఐటమ్స్‌కి మాత్రమే పెట్టండి. కస్టమర్స్ నుంచి ఆర్డర్స్‌కి రెస్ట్రిక్ట్ (చైల్డ్ రోలుంటే పేరెంట్‌ని పోనివ్వనిది). ఇన్నోడీబీలో కాస్కేడ్‌తో పోయే రోలకి చైల్డ్ టేబుల్ మీది ట్రిగ్గర్లు (రో మారగానే తానే నడిచే కోడ్) నడవవు. ఐటమ్స్ మీద ఆడిట్ ట్రిగ్గర్ ఉంటే అదీ వద్దు, ఐటమ్స్‌ని విడిగా డిలీట్ చేసి ఆ తర్వాతే ఆర్డర్‌ని తీయండి.