జాష్ గిబ్సన్‌కు 1933 గౌడీ స్టైల్ కార్డు: పాతదానిలా కనిపించాలా, కొత్తదని చెప్పాలా?

క్యాచర్_మిట్: నీగ్రో లీగ్స్ (అమెరికాలో నల్లజాతి ఆటగాళ్లకు విడిగా నడిచిన బేస్‌బాల్ లీగ్‌లు) దిగ్గజం జాష్ గిబ్సన్‌కు సొంతంగా బేస్‌బాల్ కార్డు డిజైన్ చేస్తున్నాను. 1933లో బోస్టన్‌లోని గౌడీ గమ్ కంపెనీ తన చూయింగ్ గమ్‌తో ఇచ్చేందుకు 240 నంబర్ల ఆటగాళ్ల కార్డుల సెట్ వేసింది. అందులో అప్పటి పెద్ద స్టార్ బేబ్ రూత్ ఒక్కడికే నాలుగు కార్డులు. అదే ఏడాది నీగ్రో లీగ్స్ జట్టు పిట్స్‌బర్గ్ క్రాఫోర్డ్స్‌కు ఆడుతున్న గిబ్సన్‌కు ఒక్కటీ లేదు. నల్లవాళ్లను అగ్రస్థాయి మేజర్ లీగ్స్ గడపే తొక్కనివ్వలేదు కదా. ఆ లోటు తీర్చాలని నా కోరిక. మెరుపు లేని మందపాటి అట్ట, ఆటగాడి బొమ్మ వెనక ఒకే రంగు, కార్డు వీపున ఆకుపచ్చ అక్షరాలు. మూలలు అరగదీసి టీ నీళ్లతో మరకలు కూడా పెడదామనుకుంటున్నా. ఏమంటారు?

పాత_అట్ట: డిజైన్ చాలా బాగుంది అన్నా. మరకలు మాత్రం వద్దు.

లెఫ్ట్_ఫీల్డ్: ఎందుకు వద్దు? టాప్స్ కంపెనీ 1952లో వేసిన మిక్కీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికింది. అలాంటిదానికి నకలు చేసి అరగదీస్తే మోసం. గిబ్సన్‌కు అసలు గౌడీ కార్డే లేనప్పుడు ఇది దేనికి నకిలీ? అరుగుదల లేకపోతే ఆ కాలపు కళే రాదు.

పాత_అట్ట: లేదు కాబట్టే నాకు భయం. నాలుగు చేతులు మారాక చూసినవాళ్లు, 1933లోనే గమ్ కంపెనీ ఒక నల్లజాతి ఆటగాడికి కార్డు వేసిందని నమ్ముతారు. ఆయనకు జరిగిన అన్యాయాన్ని మనమే కప్పెట్టినట్టవుతుంది. ఇంకో సంగతి. చాలా గౌడీ కార్డుల కింద ఎర్ర పట్టీ మీద ‘బిగ్ లీగ్ చూయింగ్ గమ్’ అని ఉంటుంది. ఆ బిగ్ లీగ్, అంటే మేజర్ లీగ్స్, గిబ్సన్‌ను రానివ్వలేదు. 1947 జనవరిలో 35 ఏళ్లకే పోయాడు. నల్లవాళ్లకు మేజర్ లీగ్స్ తలుపు తెరిచిన జాకీ రాబిన్సన్ డాడ్జర్స్ జట్టు తరఫున దిగింది ఆ ఏప్రిల్‌లోనే. గిబ్సన్ బొమ్మ కింద ఆ మాట ఎలా వేస్తాం?

హోమ్‌స్టెడ్_గ్రే: వేయాలనే నేనంటాను. 2024లో నీగ్రో లీగ్స్ లెక్కలు మేజర్ లీగ్ రికార్డుల్లో కలిశాక, కెరీర్ బ్యాటింగ్ సగటులో (బ్యాటింగ్ అవకాశాల్లో హిట్ల వాటా) .372తో అంతవరకు మొదట ఉన్న టై కాబ్‌ను దాటి గిబ్సన్ మొదటి స్థానంలోకి వచ్చాడు. ఇవాళ ఆ మాట ఆయన హక్కు. మరకల విషయంలో మాత్రం పాత_అట్ట గారి మాటే నా మాట.

లెఫ్ట్_ఫీల్డ్: వెనక సంవత్సరం వేస్తే చాలదా? ముందువైపు పాతగానే ఉండనివ్వండి.

పాత_అట్ట: ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి అమ్మేవాడు వెనకవైపు ఫొటో పెట్టడండీ. ముందే తెలియాలి.

క్యాచర్_మిట్: సరే, టీ నీళ్లు మానేస్తున్నా. వీపున జీవిత విశేషాలు ‘1933లో ఇతనికి కార్డు వేయలేదు’ అనే వాక్యంతోనే మొదలవుతాయి, కింద తయారైన ఏడాది. పట్టీ ఎర్రగా ఖాళీగా వదిలేస్తే?

హోమ్‌స్టెడ్_గ్రే: ఖాళీగా ఉంటే ప్రింటింగ్ తప్పనుకుంటారు. బిగ్ లీగ్ వద్దనుకుంటే ‘పిట్స్‌బర్గ్ క్రాఫోర్డ్స్’ అని వేయండి, పక్కనే ఈ ఏడాది అంకె. పాత_అట్ట గారు అడిగినట్టు ముందే తెలుస్తుంది.