పిచ్చుకల్లో వెతికేవి, ఎగబడేవి: పుట్టు గుణమా, ఆకలి చేయించే పనా?

మిద్దె పిచ్చుక (అనంతపురం)
మా ఇల్లు పాతూరులో. మిద్దె మీద రోజూ పొద్దున కొర్రలు, నూకలు చల్లుతాను. పది పన్నెండు పిచ్చుకలు వస్తాయి. అన్నీ ఒకే రకంగా తినవు. కొన్ని తల దించుకుని గచ్చు పగుళ్లలో గింజ కోసం తిరుగుతాయి. ఇంకొన్ని తల పైకెత్తి ఊరికే గెంతుతుంటాయి. ఏదైనా ఒకటి గింజలు దొరికి ఆగిందంటే చాలు, వచ్చి దాని పక్కన దూరతాయి. మా మామయ్య వాటిని దొంగపిట్టలంటాడు, చిన్న రాయి విసిరి తరుముతాడు. నాకు ప్రాణం ఒప్పదు. అవి దొంగలు కావని నా నమ్మకం. కానీ ఒక్కో పిట్టకు ఒక్కో స్వభావం ఉంటుందన్నది మాత్రం నిజమనిపిస్తోంది. కుంటి కాలు పిచ్చుక ఒకటుంది, అది ఎప్పుడూ పక్కవాళ్ల మీదే ఆధారపడుతుంది. రెక్కలో తెల్ల ఈక ఉన్నది ఇంకొకటి, ఎప్పుడూ తానే వెతుక్కుంటుంది. మీరేమంటారు?

జువాలజీ మాస్టారు (కర్నూలు)
అమ్మా, మీరు చూసింది మంచి విషయం. 1981లో బార్నార్డ్, సిబ్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సరిగ్గా ఊరపిచ్చుకల మీదే ఇది రాశారు. వెతికేవి కొన్ని, వెతికినవాటి దగ్గరకు చేరేవి కొన్ని. కానీ స్వభావం అనే మాట దగ్గరే నాకు అభ్యంతరం. 2004లో హంగరీ పరిశోధకులు పిచ్చుకల ఒంట్లోని శక్తి నిల్వలు తగ్గేలా చేసి చూస్తే, అవి ఇతరుల దగ్గరకు చేరి తినడం పెరిగింది. అంటే నిన్న వెతికిన పిట్టే ఈరోజు ఆకలి మీద ఎగబడవచ్చు. లెక్క కూడా చూడండి. గుంపులో ఎగబడేవి ఎక్కువైతే వెతికేవి తగ్గుతాయి, అప్పుడు ఎగబడేవాటికి దొరికేది తక్కువ. దాంతో కొన్ని మళ్లీ వెతకడానికి దిగుతాయి. ఇందులో కులం లాంటిదేమీ లేదు, రోజుకో వేషం. ఇక మీ కుంటి పిచ్చుక సంగతి. కాలు సరిగా లేని పిట్ట ఎక్కువ తిరగలేదు, అందుకే పక్కన చేరుతుంది. దాన్ని స్వభావమంటే ఎలా?

కల్లం కాపరి (పులివెందుల వైపు)
అక్కా, సార్, నాదొక మాట. మడక దున్నేటప్పుడు, బుడ్డల (వేరుశనగ) చేన్లో గుంటక తోలేటప్పుడు పసుల పోలిగాళ్లనే నల్ల పిట్టలు వెంట వస్తాయి. మట్టిలోంచి లేచే పురుగుల్ని గాల్లోనే పడతాయి. కానీ పక్కన గోరింక పురుగు పట్టిందంటే దాని మీదికి దూకి లాక్కునేది కూడా పోలిగాడే. చిన్నప్పటి నుంచి చూస్తున్నా. ఒకటి మాత్రం ఒప్పుకుంటా: లాక్కునేది రోజూ అదే పిట్టో కాదో నేను చెప్పలేను. అన్నీ నల్లగానే ఉంటాయి.

మిద్దె పిచ్చుక
మాస్టారూ, కుంటి పిచ్చుక విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. అది నా ఉదాహరణలోంచి తీసేయండి. కానీ తెల్ల ఈక పిచ్చుకను తీసెయ్యలేను, దానికి ఏ లోపమూ లేదు. ఇంకొక సంగతి. మన చేలల్లో కనిపించే మచ్చల మునియా అనే చిన్న పిట్ట మీదనే కెనడాలో జిరాల్డో అనే శాస్త్రవేత్త బృందం పనిచేసింది. నేల మీద గెంతే మునియా తల దించి ఉంటే తానే వెతుకుతున్నట్టు, తల ఎత్తి ఉంటే ఇతరులను చూసి చేరబోతున్నట్టు అని 2001లో చూపించారు. నేను కళ్లతో చూసిందీ అదే కదా! స్వభావం ఉందనడానికి కూడా ఆధారముంది. నెదర్లాండ్స్‌లో బార్నకిల్ పెద్దబాతుల ముందు కొత్త వస్తువు పెట్టి ఏది ధైర్యంగా దగ్గరకు వెళ్తుందో, ఏది వెనక్కి తగ్గుతుందో ముందే చూశారు. 2010లో వచ్చిన ఫలితం ఏమిటంటే, బెరుకు బాతులే ఇతరులు కనిపెట్టిన మేత దగ్గరకు ఎక్కువగా చేరాయి. ఆకలి ఒక్కటే అయితే బెరుకుకు ఇందులో పాత్ర ఉండకూడదు.

జువాలజీ మాస్టారు
బాతుల ఫలితం కాదనను. నేను చెప్పేది, మొగ్గు ఉండటం వేరు, అదే విధిరాత అనడం వేరు. మీ మిద్దె మీదే తేల్చుకోవచ్చు. ఐదు రోజులు గింజలు ఒకే పళ్లెంలో కుప్పగా పోయండి, ఐదు రోజులు మిద్దె అంతా పలచగా చల్లండి. కుప్ప దొరికితే చేరడం లాభం, చెదిరి ఉంటే వెతకడం లాభం. తెల్ల ఈకది ఎలా మారుతుందో రాసుకోండి.

మిద్దె పిచ్చుక
పది రోజులూ చూశాను. పళ్లెం పెట్టిన రోజుల్లో తెల్ల ఈక కూడా తల ఎత్తి పక్కవాటి వైపు చూసింది. ఇది నేను అనుకోలేదు. గింజలు చల్లిన రోజుల్లో కుంటిది కూడా తల దించి ఒంటరిగా ఏరుకుంది, మాస్టారు అన్నట్టే. కాబట్టి "ఎప్పుడూ" అన్న నా మాట తప్పు. కానీ రెండు రకాల రోజుల్లోనూ తెల్ల ఈకే అందరికంటే ముందు తల దించింది. ఆ తేడా పదింటిలో ఎనిమిది రోజులు కనబడింది. ఒక మిద్దె, ఒక పిట్ట, పది రోజులు చాలవని నాకు తెలుసు. అయినా స్వభావం లేదని మాత్రం ఒప్పుకోలేను. మామయ్యకు ఈ లెక్కంతా చెప్పాను. "చల్లిన రోజు అది కూడా కష్టపడిందా?" అని అడిగి కుంటిదాని వైపు చాలాసేపు చూశాడు. ఇప్పుడు పళ్లెం మానేసి చల్లుతున్నాం.

కల్లం కాపరి అన్నా, బుడ్డలు పీకే రోజుల్లో తోకలో ఈక ఊడిన పోలిగాడు ఒకటి కంటబడితే దాన్ని మాత్రం వదలొద్దు. గోరింక నోట్లోది లాక్కున్నదెన్నిసార్లో, తానే పట్టుకున్నదెన్నిసార్లో గీతలు గీసి పెట్టన్నా.

కల్లం కాపరి
సరే అక్కా, మా పిల్లోడి నోటుబుక్కు తీసుకుని పోతా.