స్లౌకి కొత్తగా వచ్చాం: ఓపెన్ యూనివర్సిటీలో చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఖమ్మం_ఆడపడుచు:
అందరికీ నమస్కారం. ఈమధ్యే ఇంగ్లండ్‌లోని స్లౌకి వచ్చాం. మావారిది స్కిల్డ్ వర్కర్ వీసా, నాది డిపెండెంట్. నేను ఖమ్మంలో బీకాం చేశాను. పాప చిన్నది. ఇక్కడి నర్సరీ ఫీజులు వింటేనే కళ్ళు తిరుగుతున్నాయి, అందుకని రోజూ కాలేజీకి వెళ్ళడం కుదిరే పని కాదు. ఇంటి నుంచే చదువుకునే వీలున్న ఇక్కడి ఓపెన్ యూనివర్సిటీలో కంప్యూటింగ్ డిగ్రీ చేద్దామని ఉంది. నా అనుమానం ఒకటే. పుస్తకాలు పంపించి చేతులు దులుపుకుంటారా, లేక అర్థం కానప్పుడు అడగడానికి మనిషంటూ ఒకరు ఉంటారా?

హారో_పాతకాపు:
అమ్మా, చదువు సంగతి తర్వాత, ముందు డబ్బు సంగతి చూసుకో. డిపెండెంట్ వీసా మీద స్టూడెంట్ ఫైనాన్స్ లోన్, అంటే ప్రభుత్వం ఇచ్చే చదువు అప్పు, ఇవ్వరు. ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) రావాలి, కోర్సు మొదలయ్యేనాటికి మూడేళ్ళుగా ఈ దేశంలో ఉండి ఉండాలి. పైగా నీకు డిగ్రీ ఉండనే ఉంది. రెండో డిగ్రీకి లోన్ ఇవ్వరు, రాసిపెట్టుకో.

క్రాలీ_శీను:
పాతకాపు గారూ, అంత గట్టిగా రాసిపెట్టించకండి. రెండో డిగ్రీకి లోన్ లేదన్నది మామూలు రూలు. ఇంగ్లండ్‌లో 2017 నుంచి పార్ట్‌టైం ఆనర్స్ డిగ్రీల్లో సైన్సు, ఇంజనీరింగు, కంప్యూటింగ్ లాంటివాటికి మినహాయింపు ఉంది. మా తోడల్లుడు ఇండియాలో బీఎస్సీ చేసి వచ్చి కూడా తీసుకున్నాడు. అయితే ఆయనకి అప్పటికే ఐఎల్ఆర్ ఉందనుకోండి.

హారో_పాతకాపు:
అంటే ఈ అమ్మాయికి రాదనే కదా? నేను చెప్పిందీ అదే.

క్రాలీ_శీను:
మీరు చెప్పిన కారణం వేరండీ.

లీడ్స్_లక్ష్మక్క:
మీ ఇద్దరి లోన్ గొడవ పక్కన పెట్టండి. చెల్లీ, నువ్వు దిగిన ఇంటి అగ్రిమెంట్‌లో నీ పేరుందా? అది ముందు చూసుకో. ఓపెన్ యూనివర్సిటీ ఫీజుని నెలనెలా కట్టుకునే ఏర్పాటు ఉంది కానీ దానికి క్రెడిట్ చెక్ చేస్తారు, అంటే అప్పు తీర్చగలమా లేదా అని మన పేరు మీదున్న రికార్డు చూస్తారు. మేం వచ్చిన కొత్తలో ఇల్లు, కరెంటు, గ్యాస్ అన్నీ ఆయన పేరు మీదే. ఈ దేశం కాగితాల్లో నేనంటూ లేను. చదువుకని కాదు, వేరే ఒక వాయిదా ఖాతాకి అప్లై చేస్తే ఒక్క ముక్కలో కాదన్నారు. పోనీ అగ్రిమెంట్‌లో నా పేరు చేర్చమని ఏజెంటు దగ్గరికి వెళ్తే, పేరు చేర్చడానికి వందల పౌండ్లు అడిగాడు. ఇంటి ఓనరుకి ఫోన్ చేస్తే ఆయనది ఇంకో పాట: ‘ఇద్దరు పెద్దవాళ్ళుంటారని ముందు చెప్పలేదే, అద్దె పెంచాల్సి వస్తుంది’ అని. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు నేను ఆయనతో అరగంట మాట్లాడాను, పాపని చంకనేసుకుని! ఈమెయిల్ పెడితే జవాబు లేదు, ఫోన్ చేస్తే ఏజెంటుని అడగమంటాడు, ఏజెంటు ఓనరుని అడగమంటాడు. చివరికి మా వీధిలో ఉండే గుజరాతీ ఆవిడ దారి చెప్పింది. కాపురం చేస్తున్న జంట ఇద్దరికీ కౌన్సిల్ టాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది) బాధ్యత ఉంటుంది కాబట్టి బిల్లులో ఇద్దరి పేర్లూ వెయ్యమని కౌన్సిల్‌నే అడగమంది. అడిగాను, వేశారు. ఆ బిల్లు పట్టుకుని బ్యాంకు ఖాతా తెరిచాను. ఇప్పుడైతే ఇంగ్లండ్‌లో టెనెంట్ ఫీజెస్ యాక్ట్ అని 2019 చట్టం ఉంది. అగ్రిమెంట్‌లో మార్పుకి మామూలుగా 50 పౌండ్లు మించి అడగకూడదు. ఎవడైనా వందలు అడిగితే ఆ చట్టం పేరు ఎత్తు.

మిల్టన్‌కీన్స్_బాబాయి:
ఆ అమ్మాయి అడిగింది మనిషి ఉంటాడా అని. ఎవరూ చెప్పలేదు కనక నేను చెప్తాను. నేను ఉద్యోగం చేసుకుంటూ అక్కడే డిగ్రీ పూర్తి చేశాను.

ఉంటారమ్మా. డిగ్రీని మాడ్యూల్స్ అనే విడి కోర్సులుగా చదువుతావు, ప్రతి మాడ్యూల్‌కీ నీకొక ట్యూటర్‌ని కేటాయిస్తారు. పాఠాలు రాసే ప్రొఫెసర్లు ఇక్కడ మిల్టన్ కీన్స్‌లో యూనివర్సిటీ క్యాంపస్ వాల్టన్ హాల్‌లో ఉంటారు. ట్యూటర్లు దేశమంతా చెదిరి ఉంటారు, చాలామందికి అది పార్ట్‌టైం పని. పాఠం రాసేవాళ్ళు వేరు, నీ పేపరు దిద్దేవాళ్ళు వేరు. మొదట్లో నాకది వింతగా తోచింది, కానీ బలమంతా అక్కడే ఉంది. టీఎంఏ అని, ట్యూటర్ దిద్దే అసైన్‌మెంట్లు మాడ్యూల్ మధ్యలో వస్తాయి. ట్యూటర్ మార్కులు వేసి ఊరుకోరు. నీ జవాబు పక్కనే, ఇక్కడ వాదన తెగిపోయింది, ఈ కోడ్ ఎందుకు పనిచెయ్యలేదో చూడు అని రాస్తారు. క్లాసు అనుకునేది ఏదైనా ఉంటే ఆ వ్యాఖ్యలే. సాయంత్రాల్లో ఆన్‌లైన్ ట్యుటోరియల్స్ ఉంటాయి. పాప నిద్రపోకపోతే రికార్డింగ్ చూసుకోవచ్చు.

ఫీజు, వాయిదా వెయ్యడం, తర్వాతి మాడ్యూల్ ఏది తీసుకోవాలి, ఇలాంటివి ట్యూటర్‌ని అడక్కు. వాటికి స్టూడెంట్ సపోర్ట్ టీం వేరే ఉంటుంది. పాపకి జ్వరమొచ్చి టీఎంఏ ఆలస్యమయ్యేలా ఉంటే గడువు దాటకముందే పొడిగింపు అడుగు. చివరి అసైన్‌మెంట్‌కి మాత్రం పొడిగింపు ఉండదు, దాని దగ్గర జాగ్రత్త.

ఆనర్స్ డిగ్రీకి 360 క్రెడిట్లు. ఒక క్రెడిట్ అంటే పది గంటల చదువని వాళ్ళ లెక్క. అంటే 30 క్రెడిట్ల మాడ్యూల్‌కి 300 గంటలు. మొదటి ఏడాది 30తో మొదలుపెట్టు. పసిపిల్లతో 60 అన్నవాళ్ళు సంక్రాంతికల్లా చేతులెత్తేస్తారు.

హారో_పాతకాపు:
ఇదంతా మన హైదరాబాద్‌లో ఎప్పుడో ఉంది బాబాయి గారూ. 1982లోనే ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు, దేశంలో మొదటిది. ఇప్పటి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ. ఇంటర్ లేకపోయినా ఎలిజిబిలిటీ టెస్టు రాసి డిగ్రీలో చేరిన మేస్త్రీలు, అంగన్‌వాడీ టీచర్లు మా ఊళ్ళోనే ఉన్నారు. ఆదివారం కాలేజీలో క్లాసు, ఎదురుగా మనిషి.

మిల్టన్‌కీన్స్_బాబాయి:
ఎవరు కాదన్నారు? దాని మొదటి వైస్ చాన్సలర్ రాంరెడ్డి గారు అది కట్టేటప్పుడు ఈ మిల్టన్ కీన్స్ నమూనానే ముందు పెట్టుకున్నారు. 1971లో ఇక్కడ మొదటి విద్యార్థులు చేరారు, పదకొండేళ్ళకి అక్కడ మొదలైంది. 1985లో ఢిల్లీలో ఇగ్నో (ఇందిరాగాంధీ నేషనల్ ఓపెన్ యూనివర్సిటీ) పెడితే మొదటి వైస్ చాన్సలర్ కూడా ఆయనే. ఆదివారం క్లాసు మంచిదే, స్టడీ సెంటర్ పక్కూళ్ళో ఉన్నవాళ్ళకి.

ఖమ్మం_ఆడపడుచు:
బాబాయి గారూ, చాలా థాంక్స్. మా అత్త అంబేడ్కర్ యూనివర్సిటీలోనే బీఏ చేసింది, అందుకే ఆ అనుమానం వచ్చింది. ఇంకొక్కటి. నా బీకాం ఇక్కడ లెక్కలోకి వస్తుందా?

మిల్టన్‌కీన్స్_బాబాయి:
క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ అని ఉంది, పాత చదువుని కొత్త డిగ్రీలో కలుపుకోవడం. చేరకముందే అప్లై చెయ్యాలి, మార్కుల మెమోలన్నీ దగ్గర పెట్టుకో. కానీ కామర్స్ పేపర్లు కంప్యూటింగ్ డిగ్రీలో ఇమడడం కష్టం. రకరకాల సబ్జెక్టులు కలిపి చేసే ఓపెన్ డిగ్రీలో అయితే ఎక్కువ వీలుంటుంది. ఎటు వెళ్ళాలో తేల్చుకోలేకపోతే వాళ్ళదే ఓపెన్‌లెర్న్ అని ఉంది, కోర్సులన్నీ ఉచితం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద ఒకటి చేసి చూడు, అప్పుడు తెలుస్తుంది.

క్రాలీ_శీను:
లక్ష్మక్క చెప్పిన క్రెడిట్ చెక్‌కి ఇంకో ఉపాయం. ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకోండి. క్రెడిట్ రికార్డులో అది బాగా పనికొస్తుంది.

హారో_పాతకాపు:
వీసా మీద ఉన్నవాళ్ళకి ఓటేమిటయ్యా!

క్రాలీ_శీను:
ఇండియా కామన్వెల్త్ దేశమండీ. చెల్లుబాటయ్యే వీసా ఉండి ఇక్కడ నివాసముంటే చాలు, ఓటుంటుంది. మీరు పాస్‌పోర్టు మారేదాకా ఓటు వెయ్యలేదా?