బాలింత దిగులుకు చేప నూనె మాత్రలు పనిచేస్తాయా?

తెనాలి అమ్మాయి:
మా చెల్లికి కాన్పయి ఏడు వారాలు. పాప బాగానే ఉంది, చెల్లే బాగాలేదు. పాప పడుకున్నా తనకి నిద్ర పట్టదు, తెల్లవారుజామునే లేచి ఏడుస్తూ కూర్చుంటుంది, నేను అమ్మగా పనికిరాను అంటుంది. మా పిన్ని చేప నూనె మాత్రలు, మల్టీవిటమిన్లు తెప్పించింది. ఇవి వాడితే డిప్రెషన్ తగ్గిపోతుందట, పాలిచ్చే మనిషికి డాక్టర్లు రాసే డిప్రెషన్ మందులు వద్దంటోంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

ఇద్దరు పిల్లల తల్లి:
నాకు పనిచేశాయమ్మా. రెండో కాన్పులో రక్తం బాగా పోయింది, హిమోగ్లోబిన్ 7.8కి పడిపోయింది, లేచి పాపని ఎత్తుకునే ఓపిక కూడా లేదు. ఐరన్ ఎక్కించారు, తర్వాత మాత్రలు, నెలన్నరకి మనిషినయ్యాను. చేప నూనె కూడా వాడాను. మందుల కంటే ఇవే నయం, అలవాటు పడిపోతామన్న భయం ఉండదు.

లేబర్ రూమ్ నర్సు:
అక్కా, మీకు తగ్గింది రక్తహీనత. అది తగ్గితే నీరసం, చిరాకు పోయి మనసు తేలికపడుతుంది, అందులో సందేహం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే, అందుకే ప్రభుత్వం కాన్పుకు ముందు 180 రోజులు, తర్వాత 180 రోజులు ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇస్తోంది. అవి తప్పకుండా వేసుకోవాలి. చేప నూనె సంగతి వేరు. ఆస్ట్రేలియాలో దాదాపు 2,400 మంది గర్భిణుల మీద పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. చేప నూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వుల్లో ఒకటైన డీహెచ్ఏని రోజుకు 800 మిల్లీగ్రాములు ఇచ్చినవాళ్లలో కాన్పు తర్వాత డిప్రెషన్ లక్షణాలు 9.67 శాతం, పోల్చి చూడటానికి చేప నూనె కాని వెజిటబుల్ నూనె మాత్రలు ఇచ్చినవాళ్లలో 11.19 శాతం. ఆ కాస్త తేడాను మాత్రల వల్లే అని చెప్పలేం. పైగా అది దిగులు రాకుండా ఆపుతుందేమోనని చేసిన పరీక్ష, మీ చెల్లికి ఇప్పటికే వచ్చేసింది.

ఇద్దరు పిల్లల తల్లి:
చేప నూనెలో ఈపీఏ అని ఇంకో ఒమేగా-3 కొవ్వు ఉంటుంది, ఆ పరీక్షలో ఇచ్చిన మాత్రల్లో అది బాగా తక్కువ. దిగులుకు పనిచేసేది ఈపీఏ అని నేనూ చదివాను.

లేబర్ రూమ్ నర్సు:
ఆ అనుమానంతోనే అమెరికాలో మిషిగన్‌లో 126 మంది గర్భిణుల మీద చూశారు, డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువున్నవాళ్లే అందరూ. ఈపీఏ ఎక్కువున్నవి కొందరికి, డీహెచ్ఏ ఎక్కువున్నవి కొందరికి, పోల్చి చూడటానికి సోయా నూనె కొందరికి ఇచ్చారు. 2013లో వచ్చిన ఫలితం ఏమిటంటే, రెండింటి వల్లా లాభం కనబడలేదు. చేప నూనె విషం అనడం లేదు, గర్భిణులు వాడితే బిడ్డ నెలలు బాగా తక్కువగా పుట్టే ముప్పును తగ్గిస్తుందని ఆధారాలున్నాయి. కానీ దాన్ని నమ్ముకుని వైద్యం వాయిదా వేస్తున్నారు చూడండి, నా బాధంతా అక్కడే. మన ఇళ్లలో ఇంకోటి కూడా చూస్తాను, పథ్యం పేరుతో పెరుగు, ఆకుకూరలు, పళ్లు మాన్పించి కారప్పొడి అన్నం పెట్టి, పక్కన వేలు పోసి డబ్బాలు కొంటారు.

తెనాలి అమ్మాయీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించండి, కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేసినా అచ్చం ఇలాగే ఉంటుంది. మందుల గురించి భయపడకండి. సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు పాలలోకి చాలా తక్కువగా వెళ్తాయి, పాలిచ్చే తల్లులకి డాక్టర్లు రాస్తూనే ఉంటారు, మత్తుమందుల్లా అలవాటు పడేవి కావు, ఆపేటప్పుడు మాత్రం డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. కాన్పు తర్వాత డిప్రెషన్ ఉందేమో తెలుసుకోవడానికి అడిగే ఎడిన్‌బరో ప్రశ్నలని పది ఉంటాయి, పదోది తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని. అది మీ చెల్లిని ఈ రాత్రే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయం వద్దు. అవునంటే ఒంటరిగా వదలకండి, మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఎప్పుడైనా తీస్తారు, తెలుగులో మాట్లాడతారు.

ఇద్దరు పిల్లల తల్లి:
థైరాయిడ్ సంగతి నాకు తట్టలేదు. ముందు డాక్టరుకి చూపించమ్మా, మాత్రలు ఎక్కడికీ పోవు.

తెనాలి అమ్మాయి:
అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత అప్పుడప్పుడు వస్తోంది అక్కా అని నా ఒళ్లో పడి ఏడ్చింది. 14416కి చేశాం. నేను తన పక్కనే పడుకుంటున్నా, పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తున్నాం, పాపని పిన్ని చూసుకుంటానంది.