ఫరక్కా దగ్గర గంగ నీటి పంపకం: పది రోజుల లెక్క ఎలా వేస్తారు?

చిత్తడినేల:
పశ్చిమ బెంగాల్‌లో గంగ మీద కట్టిన ఫరక్కా బ్యారేజీ దగ్గర నీటిని పంచే భారత్–బంగ్లాదేశ్ గంగా జలాల ఒప్పందం 1996 డిసెంబర్ 12న కుదిరింది. ముప్ఫై ఏళ్ల గడువు 2026 డిసెంబర్‌తో తీరిపోతుంది. ఒప్పందం పాఠం చదివాక మూడు చోట్ల అనుమానం మిగిలింది.

ఒకటి, ఒకచోట సగం సగం అంటారు, ఇంకోచోట 35,000 క్యూసెక్కులు ఖాయం అంటారు. ఏప్రిల్ 11–20 మధ్య 58,000 క్యూసెక్కులే వస్తే ఎవరికెంత? రెండు, ఫరక్కాలో వదిలిన అంకెకీ, బంగ్లాదేశ్‌లో హార్డింజ్ వంతెన దగ్గర కొలిచిన అంకెకీ పొంతన ఎందుకు కుదరదు? మూడు, కరువు ఏడాది బ్యారేజీలో నిల్వ ఉన్న నీళ్లు వదిలితే సరిపోదా?

లాకుతలుపు:
మూడోదానితో మొదలుపెడతా, అది తేలితే మిగతావి తేలిక. శ్రీశైలం, సాగర్ మనసులో పెట్టుకుని ఫరక్కాను చూడకండి. అది ప్రకాశం బ్యారేజీ లాంటిది. నీటిమట్టం ఎత్తి కాలువలోకి మళ్లించడమే దాని పని. దాచి పెట్టి వేసవిలో వదలడానికి జలాశయం లేదు. పైనుంచి ఈ రోజు ఎంత వచ్చిందో అంతే పంచుకోవాలి. ఫీడర్ కాలువ సుమారు 38 కిలోమీటర్లు, సామర్థ్యం 40,000 క్యూసెక్కులు. కలకత్తా రేవులో పూడిక కొట్టుకుపోవడానికి భాగీరథి–హుగ్లీలోకి నీరు పంపాలని కట్టారు. 1975లో మొదలైంది.

ఇక లెక్క. ఇది జనవరి 1 నుంచి మే 31 వరకే. వానాకాలంలో పంపకమే లేదు. పది పది రోజుల విడతలు. వచ్చిన నీరు 70,000 లేదా అంతకు తక్కువైతే చెరి సగం. 70,000–75,000 మధ్య బంగ్లాదేశ్‌కు 35,000, మిగతాది భారత్‌కు. 75,000 దాటితే భారత్‌కు 40,000, మిగతాదంతా బంగ్లాదేశ్‌కు. ఏ గీత దగ్గరా వాటా ఒక్కసారిగా ఎగరదు, పడదు. లెక్క రాసినవాళ్లకు గేట్ల పని తెలుసు.

మార్చి 11 నుంచి మే 10 వరకు మాత్రం దీని మీద ఇంకో షరతు. ఆ ఆరు విడతల్లో ఒకటి విడిచి ఒకటి చొప్పున ఒక్కో దేశానికి 35,000 ఖాయం. మార్చి 11–20, ఏప్రిల్ 1–10, ఏప్రిల్ 21–30 బంగ్లాదేశ్‌వి. మిగతా మూడు భారత్‌వి. కాబట్టి మీ ఉదాహరణలో భారత్‌కు 35,000, బంగ్లాదేశ్‌కు 23,000. వచ్చే విడతలోనూ 58,000 వస్తే ఇది తిరగబడుతుంది. సగం సగం అయితే చెరి 29,000 వచ్చేది. టీఎంసీల్లో చూస్తే (రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ) పది రోజులకు ఒకరికి 30.2, ఇంకొకరికి 19.9.

ఈ వంతుల పద్ధతికి ఇబ్బంది లేకపోలేదు. కాలువలో మట్టం పది రోజులకోసారి పడి లేస్తుంది. ఫరక్కా థర్మల్ కేంద్రం చల్లబరిచే నీరు ఆ కాలువ నుంచే తీసుకుంటుంది. 2016 మార్చిలో కాలువలో నీరు చాలక కేంద్రాన్ని ఆపాల్సి వచ్చింది.

గేజిరీడర్:
రెండో ప్రశ్నకు నేను చెప్తాను. రెండు దేశాల ఉమ్మడి కమిటీ బృందాలు ఫరక్కాలో మూడు చోట్ల రోజూ కొలుస్తాయి: బ్యారేజీ దిగువన, ఫీడర్ కాలువలో, పడవలు దాటే లాకు దగ్గర. నాలుగోది హార్డింజ్ వంతెన. దానికీ ఫరక్కాకూ మధ్య వంద కిలోమీటర్లకు పైనే దూరం. విడత మారిన రోజు ఫరక్కాలో వదిలింది అదే రోజు అక్కడ కనిపించదు. తేదీకి తేదీ పక్కన పెట్టి చూస్తే తేడా రాక తప్పదు. పైగా దారిలో గోదాగరి దగ్గర మహానంద కలుస్తుంది, ఎండాకాలం గట్ల లోంచి ఊట కూడా నదిలోకి దిగుతుంది. అందుకే హార్డింజ్ అంకె ఎక్కువ వచ్చినంత మాత్రాన ఫరక్కాలో ఎక్కువ వదిలారని కాదు.

కొలతలోనూ తిరకాసు ఉంది. ఏటి అడ్డకోతను నిలువు పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీలో లోతు, వేగం తీస్తారు. లోతు తక్కువైతే పైనుంచి 0.6 వంతు లోతులో ఒక్కసారి, ఎక్కువైతే 0.2, 0.8 వంతుల దగ్గర రెండుసార్లు తీసి సగటు. వెడల్పు, లోతు, వేగం గుణించి అన్ని పట్టీలూ కూడాలి. ప్రవాహం జోరుగా ఉంటే లోతు చూసే తాడు ఏటవాలుగా పోయి లోతు ఎక్కువ చూపిస్తుంది. ఆ వాలు సరిచేయకపోతే ప్రవాహమూ ఎక్కువే తేలుతుంది. గంగ అడుగు సన్నటి ఇసుక. ఒక్క వరదకే కోత ఆకారం మారిపోతుంది. మట్టం చూసి పాత పట్టికతో క్యూసెక్కులు రాస్తే ఆ అంకెను నమ్మలేం.

కరకట్ట:
లాకుతలుపు గారి లెక్క సరైనదే, కానీ "ఖాయం" అన్న మాట కింద ఒక గీత గీయాలి. ప్రవాహం 50,000 కన్నా తగ్గితే రెండు ప్రభుత్వాలు వెంటనే సంప్రదించుకోవాలన్నారే గానీ, అప్పుడు ఎవరికెంతో రాయలేదు. 1977 ఒప్పందంలో అలా కాదు. ఏప్రిల్ 21–30కి 55,000 వస్తుందనుకుని బంగ్లాదేశ్‌కు 34,500, భారత్‌కు 20,500 రాశారు. నది ఎంత తగ్గినా బంగ్లాదేశ్ వాటా అందులో 80 శాతానికి, అంటే 27,600కి తగ్గకూడదు. 1996లో ఆ రక్షణ పోయింది.

ఇంకో తేడా మన కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ లెక్కలు తెలిసినవాళ్లకు చప్పున పట్టుబడుతుంది. 1977 పట్టిక 75 శాతం విశ్వసనీయత మీద, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు కనీసం వచ్చే నీటి మీద వేసింది. 1996 ఒప్పందానికి జోడించిన పట్టిక 1949–88 సగటు. ఏప్రిల్ 11–20కి అందులో 62,633 కనిపిస్తుంది. సగటు అంటేనే చాలా ఏళ్లు దానికంటే తక్కువ వస్తాయి. ఆ పట్టిక నమూనా మాత్రమే, పంచేది ఆ రోజు వచ్చిన నీటినే. బంగ్లాదేశ్ పత్రికలు పట్టిక అంకెతో పోల్చి "బాకీ" అని రాయడం, మన పత్రికలు సూత్రం ప్రకారమే ఇచ్చామనడం, రెండూ ఇక్కడి నుంచే వస్తాయి.

చిత్తడినేల:
అయితే పైన ఉత్తరప్రదేశ్, బిహార్ కాలువలు తోడేసుకుంటే?

కరకట్ట:
అసలు చిక్కు అదే. ఫరక్కాకు వచ్చే నీటిని నలభై ఏళ్ల సగటు దగ్గర నిలిపేందుకు ఎగువ దేశం అన్ని ప్రయత్నాలూ చేస్తుందని రాశారు. ప్రయత్నం తప్ప పరిమాణం లేదు. ఎగువన ఎవరు ఎంత తీస్తున్నారో ఉమ్మడి బృందాలు కొలవవు. తీరని తగాదా కమిటీ నుంచి రెండు దేశాల ఉమ్మడి నదుల కమిషన్‌కు, అక్కడి నుంచి ప్రభుత్వాలకు పోతుంది. సింధు ఒప్పందంలో ఉన్నట్టు తటస్థ నిపుణుడు గానీ, మధ్యవర్తి న్యాయస్థానం గానీ లేవు. నేపాల్ ఇందులో పక్షమే కాదు. కోసి, గండక్, మహాకాళి ఒప్పందాలు దానితో భారత్ విడిగా చేసుకున్నవి. ఎండాకాలం నీరు పెంచడానికి నేపాల్‌లో జలాశయాలు కట్టాలని బంగ్లాదేశ్, బ్రహ్మపుత్ర నుంచి కాలువ తవ్వాలని భారత్ అప్పట్లో ప్రతిపాదించాయి. ఒకరిది ఒకరికి నచ్చలేదు.

కొత్త పాఠం బయటికి వస్తే ముందు మూడు చోట్ల చూడండి: 50,000 కింద ఏ అంకె రాశారు, ఆధార సంవత్సరాలు 1988 దాటాయా లేదా, కొలిచే చోటు ఫరక్కాకు ఎగువన ఒక్కటైనా ఉందా.