లేక్ జాక్సన్ చేపల హ్యాచరీ ట్రిప్: వాలంటీర్లకు

ఔటింగ్ కోఆర్డినేటర్: అందరికీ నమస్కారం. ఈసారి పిక్నిక్ బదులు లేక్ జాక్సన్‌లోని సీ సెంటర్ టెక్సస్‌కి వెళ్తున్నాం. అక్వేరియంతో పాటు చేపపిల్లలను పుట్టించే హ్యాచరీ కూడా ఉన్న చోటది. హ్యూస్టన్ నుంచి హైవే 288 మీద దక్షిణంగా దాదాపు 50 మైళ్లు. టికెట్ లేదు. అక్వేరియం మనంతట మనం చూసుకోవచ్చు గానీ, హ్యాచరీ లోపలికి గైడ్‌తోనే వెళ్లాలి, ముందే బుక్ చేయాలి. అందుకే గురువారంలోగా పేర్లు పంపండి. ‘వీలుంటే వస్తాం’ అనేవాళ్లను లెక్కలో వేసుకోను. ఆదివారం మధ్యాహ్నం గానీ తెరవరు, శనివారం పొద్దున్నే బయల్దేరదాం.

పిల్లల ప్రోగ్రాం: అన్నా, చేపలు చూడ్డానికే అయితే డౌన్‌టౌన్‌లోనే అక్వేరియం ఉందిగా? అంత దూరం ఎందుకని అడుగుతున్నారు.

కోఆర్డినేటర్: సీ సెంటర్‌లో చేపల్ని పుట్టించడం కూడా చూపిస్తారమ్మా. తోక దగ్గర నల్ల మచ్చ ఉండే రెడ్‌ఫిష్ మామూలుగా శరదృతువు వస్తేనే గుడ్లు పెడుతుంది. వీళ్లు తొట్లలో నీటి వేడినీ, లైట్లు వెలిగే గంటలనూ మార్చి తల్లి చేపలకు ఆ రోజులు ముందే తెప్పిస్తారు. గుడ్లు నీటిపైన తేలతాయి. ఒక రోజులో పిల్లలవుతాయి. అప్పుడు వెంట్రుక ముక్కల్లా ఉంటాయి. కొద్ది రోజులకు బయట చెరువుల్లోకి మార్చి, నెల తిరిగేసరికి అంగుళం దాటాక సముద్రపు పాయల్లో వదిలేస్తారు. వేట ఎక్కువై ఈ చేప తగ్గిపోతోందని టెక్సస్‌లో 1981లోనే దాని వాణిజ్య వేట ఆపేశారు.

భోజనాల కమిటీ: మాది భీమవరం. చెరువులో ఎరువు వేసి, చేపపిల్లలు తినే ప్లాంక్టన్ (నీటిలోని సూక్ష్మజీవులు) పుట్టించడం మాకు కొత్త కాదు. కానీ ఇంత కష్టపడి సీడ్ (చేపపిల్లలు) తీసి ఊరికే సముద్రంలో వదిలేస్తారని చెబితే మా నాన్న నమ్మరు! సరే, పులిహోర, పెరుగన్నం మావి. దగ్గర్లోని సర్ఫ్‌సైడ్ బీచ్‌లో మాత్రం వడ్డించం. ఆ గాలికి విస్తరినిండా ఇసుకే. ఊళ్లోనే పార్కు చూడండి.

పిల్లల ప్రోగ్రాం: సీ సెంటర్‌లో చెక్క వంతెన మీద తడినేల చూడొచ్చు, దోమలూ ఉంటాయి. పీతలను ముట్టుకునే తొట్టి కూడా ఉంది, దోమల మందు రాసిన చేతులు అందులో పెట్టకూడదు. కాబట్టి ముందు తొట్టి, తర్వాత దోమల స్ప్రే, చివర్న వంతెన. తల్లిదండ్రులకు ఈ వరసే చెబుతున్నా.

రవాణా: రెండు వ్యాన్లు ఖాయం. కార్‌సీట్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. పెద్దవాళ్లకు ముందు సీట్లు వదిలేయండి.