అప్‌డేట్: ఇన్‌ఫ్రారెడ్ సానాలో వీపు చుర్రుమంటోంది, కాళ్లకు వేడి తగలట్లేదని అడిగాను కదా, సమస్య తీరింది

ఇద్దరు పట్టే సానా క్యాబిన్ (చెమట పట్టించే వేడి గది) నేనే కట్టుకున్నాను. సన్నటి సిరామిక్ హీటర్ రాడ్లన్నీ వెనక గోడకే బిగించాను, తప్పంతా అక్కడే ఉంది. ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని వేడి కిరణాలు) ప్రధానంగా గాలిని కాదు, తన ఎదురుగా ఉన్న ఒంటిని వేడి చేస్తుంది. హీటర్‌కు కనిపించని పిక్కలకు వేడి ఎలా అందుతుంది?

రాడ్లు తీసేసి వెడల్పాటి కార్బన్ ప్యానెళ్లు పెట్టాను. అవే వాట్లు ఎక్కువ వైశాల్యంలో పరుచుకుంటే ఉపరితలం అంతగా కాలదు. వెనక రెండు, ఎదురుగా ఒకటి, బెంచీ కింద పిక్కల వైపు ఒకటి. వీపు నేరుగా ప్యానెల్‌కు ఆనకుండా చెక్క పట్టీలు అడ్డం కొట్టాను.

థర్మోస్టాట్ సెన్సర్ కప్పు దగ్గర ఉండేది. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి, పాదాల దగ్గర చలి ఉండగానే అది హీటర్లను ఆపేసేది. దాన్ని ఛాతీ ఎత్తుకు దించాను, ప్యానెల్ వేడి నేరుగా తగలని చోట. ఇప్పుడు 50 డిగ్రీలకే ఒళ్లంతా సమంగా చెమట పడుతోంది.

పాత రాడ్లు విప్పినప్పుడు మాత్రం గుండె జారింది. ఒక జాయింట్ దగ్గర పీవీసీ వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగి, గోరు తగిలితే పెళుసుగా రాలిపోయింది. ఎలక్ట్రీషియన్ మొత్తం వేడిని తట్టుకునే సిలికాన్ వైర్లు వేసి, ప్రతి ప్యానెల్‌కూ థర్మల్ కటాఫ్ (వేడి మితిమీరితే కరెంటు ఆపేసేది), లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) పెట్టారు. గోడల్లోని రేకు పొరకు ఎర్తింగ్ ఇచ్చారు. తలుపు గొళ్లెం పీకేశాను, ఇప్పుడు తోస్తే బయటికి తెరుచుకుంటుంది. టైమర్ 30 నిమిషాలకే ఆపేస్తుంది.

వైరింగ్ విప్పి చూడమని పట్టుబట్టినవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.